చిన్న షాపుల టీషర్టుల డిజైన్లలో రెండు మూడు రంగులే ఎందుకు ఉంటాయి?

ముఖ్య కారణం స్క్రీన్ ప్రింటింగ్, అంటే బొమ్మ ఆకారం ఉన్న సన్నని జాలీ తెర (స్క్రీన్) గుండా ఇంకును బట్ట మీదకి నెట్టి అచ్చువేసే పద్ధతి. ఇందులో ప్రతి రంగుకీ విడిగా ఒక స్క్రీన్ తయారు చేయాలి. పది షర్టులు వేసినా, వెయ్యి వేసినా ఆ తయారీ ఖర్చు ఒకటే. కొద్ది షర్టులే వేసే డిజైనర్‌కి ప్రతి అదనపు రంగూ భారమే. అందుకే చాలామంది బట్ట రంగునే బొమ్మలో ఒక రంగుగా వాడుకుంటారు. చుక్కల సైజు మారుస్తూ ఒకే ఇంకుతో వెలుగునీడలు తెప్పిస్తారు. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. ఈ పరిమితిలోంచే గొప్ప డిజైన్లు పుడతాయని నా నమ్మకం.

ఇంక్‌జెట్‌తో నేరుగా బట్ట మీద వేసే డీటీజీ పద్ధతిలో స్క్రీన్లు అక్కర్లేదు. ఎన్ని రంగులైనా, ఒక్క షర్టైనా వేయొచ్చు. కానీ సంఖ్య పెరిగినా ఒక్కో షర్టు ఖర్చు పెద్దగా తగ్గదు. ముదురు బట్టకైతే కింద తెల్ల ఇంకు పొర కూడా కావాలి.