నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే నిద్రలేమి తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: నా వయసు 48. ఆరేళ్లు నిద్రలేమితో బాధపడ్డాను. నిరుడు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్రకు అడ్డుపడే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) తీసుకున్నాక, డాక్టర్ సలహాతో మాత్రలు మానేసి హాయిగా నిద్రపోతున్నాను. ఈమధ్య మా అమ్మాయి పెళ్లయ్యాక వరుసగా నాలుగు రాత్రులు కంటిమీద కునుకు లేదు. సమస్య మళ్లీ మొదటికొచ్చిందని భయంగా ఉంది. పాత నిద్రమాత్రలు మొదలుపెట్టమంటారా?
- ఒక సోదరి, ఖమ్మం

సలహా: మాత్రలు వద్దమ్మా. ఆరేళ్లు నరకం చూసినవారికి ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా గుండె జారుతుంది. కానీ మీకు జబ్బు తిరగబెట్టలేదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలైనా నిద్ర సరిగా పట్టక, పగటి పనులు కూడా దెబ్బతింటుంటేనే దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. పెళ్లింట్లో వేళాపాళా లేని భోజనాలు, అర్ధరాత్రి దాకా మాటలు, అప్పగింతలయ్యాక బెంగ... ఇన్నింటి మధ్య ఎవరికైనా నిద్ర చెదురుతుంది.

నాకు ఆందోళన కలిగించేది ఆ నాలుగు రాత్రులు కాదు, వాటి తర్వాత మీరు ఏం చేస్తారన్నదే. పోయిన నిద్రను రాబట్టుకోవాలని ఎనిమిదింటికే మంచమెక్కడం, పొద్దెక్కినా లేవకపోవడం, మధ్యాహ్నం గంటసేపు పడుకోవడం వంటివే నిద్రలేమిని పాతుకుపోయేలా చేస్తాయి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్రను రప్పిస్తుంది. పగలు పడుకుంటే అది తగ్గిపోతుంది, రాత్రికి మళ్లీ జాగారమే.

అందుకే రాత్రి ఎలా గడిచినా ఉదయం లేచే వేళ మార్చకండి. కళ్లు మూతలు పడుతుంటేనే మంచమెక్కండి. కాసేపటికీ నిద్ర రాకపోతే లేచి, తక్కువ వెలుతురులో మనసుకు నెమ్మదినిచ్చే పని ఏదైనా చేసుకుని, నిద్ర వస్తున్నప్పుడే తిరిగి పడుకోండి. గడియారం చూడొద్దు, ఫోను వేరే గదిలో ఉంచండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం టీ, కాఫీ మానండి. ఇవన్నీ మీరు థెరపీలో నేర్చుకున్నవే. నిద్ర బాగుపడ్డాక చాలామంది వీటిని మెల్లగా వదిలేస్తారు. రెండు వారాలపాటు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో నిద్ర డైరీలో మళ్లీ రాయండి. నిద్ర చాలలేదని పగటి పనులు మానుకోవద్దు, మత్తుగా ఉంటే మాత్రం వాహనం నడపకండి.

ఇంట్లో మిగిలిన మాత్ర వేసుకుంటే ఈ రాత్రి గడవొచ్చు. కానీ మాత్ర లేనిదే నిద్ర రాదన్న భయం మళ్లీ మనసులో చేరుతుంది. ఎంతో కష్టపడి దాన్ని వదిలించుకున్నారు. దీర్ఘకాలిక నిద్రలేమికి తొలి చికిత్సగా మందులను కాక, మీరు తీసుకున్న థెరపీనే 2016లో అమెరికాలోని వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫార్సు చేసింది.

రెండు మూడు వారాలైనా కుదుటపడకపోతే మీ థెరపిస్టును కలవండి, ఒకటి రెండు సెషన్లు సరిపోవచ్చు. గురక, ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం, మీ వయసులో సాధారణంగా కనిపించే వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు ఉంటే అంతవరకూ ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి. దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతుకు భారమనిపించినా వెంటనే ఇంట్లోవారికి చెప్పి, అదే రోజు సైకియాట్రిస్టును కలవాలి.