ఎర్రర్ రావాల్సింది, ప్రోగ్రామే పోయింది!

ప్రశ్న: నా ఫోన్‌లో ర్యామ్ 4 జీబీనే. స్వాప్ (స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం) కలుపుదామని, ఫోన్‌లో కమాండ్లు నడిపే టెర్మక్స్ యాప్‌లో సీ ప్రోగ్రాం రాసి 'స్వాపాన్' సిస్టమ్ కాల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని చేసిపెట్టమని అడిగే పిలుపు) పిలిచాను. రూట్ (ఫోన్‌పై పూర్తి అధికారం) లేదు కాబట్టి 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని వస్తుందనుకున్నా. 'బ్యాడ్ సిస్టమ్ కాల్' అని చెప్పి ప్రోగ్రాం ఆగిపోయింది. కింది లైన్లోని ప్రింటెఫ్ కూడా నడవలేదు. ఫోన్‌లో ఏదైనా తేడా ఉందా?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఫోన్ బాగానే ఉంది, టెన్షన్ వద్దు. మీరు ఎదురుచూసిన ఎర్రర్ కెర్నెల్‌లోని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని, స్వాపాన్ కోడ్ ఇచ్చేది. రూట్ ఉందా లేదా అని చూసేది ఆ కోడే. మీ కాల్ అక్కడిదాకా వెళ్లనే లేదు. సెక్‌కాంప్ అనే ఫిల్టర్ గుమ్మంలోనే సిస్టమ్ కాల్ నంబరు చూసి, 'సిగ్‌సిస్' సిగ్నల్‌తో ప్రాసెస్‌ని ముగించేసింది. ఇక ప్రింటెఫ్ ఎలా నడుస్తుంది?

2017లో ఆండ్రాయిడ్ 8తో ఈ ఫిల్టర్‌ని యాప్‌లన్నిటికీ పెట్టారు. యాప్‌లు పుట్టేది జైగోట్ అనే ప్రాసెస్ నుంచి. దానికి తగిలిస్తే చాలు, టెర్మక్స్‌కీ, అందులో మీరు నడిపే ప్రోగ్రాంకీ వారసత్వంగా వచ్చేస్తుంది. మీ ప్రోగ్రాం చేతే 'ప్రాక్' కింద 'సెల్ఫ్'లోని 'స్టేటస్' ఫైల్ చదివించి చూడండి: సెక్‌కాంప్ అన్న లైన్లో 2 కనిపిస్తుంది. ఫిల్టర్ ఉందని అర్థం.

రూట్ తనిఖీ ఉండగా ఇదెందుకంటారా? కెర్నెల్ కోడ్‌లోనూ బగ్‌లుంటాయి. మామూలు యాప్‌కి ఎప్పుడూ అక్కర్లేని కాల్‌లో బగ్ ఉంటే, అది పనికొచ్చేది దాడి చేసేవాడికే. ఆ కోడ్‌ని చేరే దారే లేకపోతే బగ్ ఉన్నా వాడికి అందదు. ఆండ్రాయిడ్ 8లో 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్లపై 271 సిస్టమ్ కాల్స్‌లో 17, 32 బిట్‌పై 364లో 70 ఆపేశారు. 17 తక్కువే అనిపిస్తుంది గానీ, జనం వాడే యాప్‌లు ఆగిపోకుండా చూసుకోవాలి కదా!

ర్యామ్ సంగతికొస్తే, సెట్టింగ్స్‌లో వర్చువల్ ర్యామ్ (స్టోరేజీని ర్యామ్‌లా వాడే ఆప్షన్) ఉందేమో వెతకండి. అయితే దాంతో 4 జీబీ ఫోన్ 8 జీబీ ఫోన్‌లా పరుగెడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ఈ ఫిల్టర్‌ని సడలించే యాప్ ఏదైనా ఉందా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: లేదు. ఒకసారి పడిన ఫిల్టర్‌ని ఆ ప్రాసెస్ తీసేసుకోలేదు, ఇంకా బిగించుకోగలదు అంతే. క్రోమ్ వెబ్ పేజీలను నడిపే ప్రాసెస్‌లకు అలాగే సొంత ఫిల్టర్ అదనంగా వేసుకుంటుంది. సడలిస్తానంటూ ఏదైనా ఏపీకే ఫైల్ మీ వాట్సాప్‌కి వస్తే, తెరవకుండా డిలీట్ చేయండి.