పేషెంట్లకు డైట్ చెప్పే నాకే రక్తం తక్కువ!

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో ఓ ప్రైవేట్ ఆస్పత్రిలో డైటీషియన్‌ని. పొద్దున వార్డు రౌండ్లు, తర్వాత ఓపీ, నా భోజనం అయ్యేసరికి సాయంత్రం నాలుగు. జుట్టు బాగా ఊడుతోంది. నెల నుంచి మెట్లెక్కితే ఆయాసం. ఆర్నెల్ల క్రితం హీమోగ్లోబిన్ 8.6. గుర్తున్నప్పుడు ఐరన్ మాత్ర వేసుకుంటున్నా, జుట్టుకు బయోటిన్ విటమిన్ వాడుతున్నా. నెలసరిలో బ్లీడింగ్ మొదట్నుంచీ ఎక్కువే. నన్ను చూసి పేషెంట్లు ఏమనుకుంటారోనని టెన్షన్. జుట్టు ఊడకుండా ఏ డైట్ తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: జుట్టు సంగతి తర్వాత చూద్దామమ్మా. 8.6 వచ్చి ఆర్నెల్లయింది. మళ్లీ పరీక్ష చేయించలేదా? 12 ఉండాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయాసం కొత్తగా మొదలైందంటే ఇప్పుడు ఇంకా తగ్గి ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా కచ్చితంగా చెప్పలేను.

మీరు డైట్ అడిగారు, నా అనుమానం బ్లీడింగ్ మీద. నెలనెలా అంత రక్తం పోతుంటే తోటకూర, రాగిజావ ఎంతని పూడుస్తాయి? 'మొదట్నుంచీ ఇంతే' అని వదిలేసినవాళ్లలో ఫైబ్రాయిడ్లో (గర్భాశయంలో గడ్డలు), థైరాయిడ్ సమస్యో బయటపడటం మాకు కొత్త కాదు. ఈ వారమే గైనకాలజిస్టును కలవండి. స్కానింగ్ కావాలో లేదో వారు చెబుతారు. సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), విటమిన్ బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూడాలి. ఒంట్లో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి, వాడుతున్నట్టు ల్యాబ్‌లో చెప్పండి.

ఆస్పత్రిలో పనిచేసేవాళ్లతో నా పేచీ ఎప్పుడూ ఇదే. కారిడార్‌లో ఎదురైన డాక్టర్‌ని అడిగి మాత్ర తెచ్చుకుంటారు. ఓపీ చీటీ ఉండదు, ఫాలోఅప్ ఉండదు. (మా డాక్టర్లేం తక్కువ తినలేదు లెండి.) మీ పేషెంట్ 'గుర్తున్నప్పుడు వేసుకుంటున్నా' అంటే మీరు ఊరుకుంటారా? కాఫీ, టీలతోనో కాల్షియం మాత్రతోనో వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. హీమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా నిల్వలు నిండేందుకు సాధారణంగా మరో మూడు నెలలు వాడాలి. మాత్ర పడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, అది మీ డాక్టర్ నిర్ణయించాలి.

జుట్టంటారా, ఐరన్, థైరాయిడ్ సరిచేస్తే ఊడటం తగ్గే అవకాశముంది, కానీ నెలలు పడుతుంది. భోజనానికి ఒంటిగంటకే అరగంట విరామం అడగండి.

ఈలోగా కూర్చున్నా ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. మీ ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి, ఐడీ కార్డు తీసేసి, పేషెంట్‌గా.