ఓడ మీద స్విమ్మింగ్ పూల్: కోనసీమ నుంచి వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

మా రాజోలు వైపు ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ఒకరో ఇద్దరో పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. వేసవికి అమ్మానాన్నల్ని రప్పించుకుని నాలుగైదు రోజుల క్రూయిజ్ ఎక్కించడం ఈమధ్య బాగా అలవాటైంది. మేముండే హ్యూస్టన్‌కి గాల్వెస్టన్ రేవు దగ్గరే కాబట్టి, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడల్లా ఓడల సంగతి నన్నే అడుగుతారు. ఈసారి పాలకొల్లు నుంచి వచ్చిన మా పెద్దమ్మగారి కోడలు ఫోన్‌లో ఓడ ఫొటో చూపించి, "వదినగారూ, ఇందులో ఈత కొట్టొచ్చాండీ? అత్తయ్యగారిని చీరతో దిగనిస్తారా? పిల్లల్ని అక్కడ వదిలేసి మేము కాస్త తిరిగిరావచ్చా?" అని వరసగా మూడు ప్రశ్నలు వేసింది. కొత్తగా వెళ్ళే చాలామందికి ఇవే సందేహాలుంటాయి. మూడోదాని కోసమే ఇదంతా రాస్తున్నాను గానీ, మొదటిదాంతోనే మొదలుపెడతాను.

ప్రకటనల్లో పూల్‌ని పైనుంచి, ఎవరూ లేనప్పుడు ఫొటో తీస్తారు. ఎక్కి చూస్తే చాలా చిన్నది. దానికి కారణం బరువు. ఘనమీటరు నీళ్ళు ఒక టన్ను తూగుతాయి. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న పూల్‌లోనే 75 టన్నుల నీళ్ళుంటాయి. ఒలింపిక్ కొలనంత కట్టాలంటే 2,500 టన్నులు. అంత బరువు ఓడ పై అంతస్తులో పెడితే నిలకడ చెడుతుంది. పైగా నీళ్ళు కుదురుగా ఉండవు. ఓడ ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కకే చేరి ఇంకాస్త ఒరిగిస్తాయి. అందుకని ఒక్క పెద్ద పూల్ బదులు చిన్నచిన్నవి నాలుగైదు కడతారు. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే మహా ఓడలో ఏడు పూల్స్ ఉన్నాయి. నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. అంటే ఒక్కో పూల్‌కి వెయ్యి మందికి పైమాటే.

కాలువకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి బార ఈత వేసినవాళ్ళకి నాలుగు బారల్లోనే గోడ తగులుతుంది. మధ్యలో పదిమంది నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. కాబట్టి అది ఒళ్ళు తడుపుకుని చల్లబడే చోటనుకుని వెళ్ళండి, ఈత చోటనుకోవద్దు. నిజంగా ఈదాలనిపిస్తే పొద్దున్నే పూల్ తెరవగానే దిగాలి. లేదంటే ఓడ ఏదైనా రేవులో ఆగి జనమంతా ఊరు చూడ్డానికి దిగినప్పుడు మీరు ఓడలోనే ఉండిపోవాలి. ఓడ రోజంతా సముద్రంలోనే ఉండే రోజున పదకొండు నుంచి మూడింటి దాకా నీళ్ళు కనపడనంత జనం ఉంటారు. ఆ వేళ భోజనం చేసి కేబిన్‌లో ఒక కునుకు తియ్యడం మేలు.

పూల్ నీళ్ళు చాలా ఓడల్లో సముద్రపు నీళ్ళే. కొన్నిటిలో మంచినీళ్ళు నింపుతారు. అంతర్వేదిలో సాగరసంగమం దగ్గర మునిగినవాళ్ళకి ఆ ఉప్పు కొత్తేమీ కాదు. ఉప్పునీళ్ళలో ఒళ్ళు కాస్త తేలిగ్గా తేలుతుంది గానీ కళ్ళు మండుతాయి, పిల్లలు గుటక వేస్తే వాంతి కూడా రావచ్చు. ఈత కళ్ళజోడు తీసుకెళ్ళండి. నీళ్ళు శుభ్రంగా ఉంటాయా అనే అనుమానం చాలామందికి ఉంటుంది. విదేశాలు తిరిగి అమెరికా రేవులకి వచ్చే ఓడల్ని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు వెసెల్ శానిటేషన్ ప్రోగ్రాం (ఓడల శుభ్రత కార్యక్రమం) కింద చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. పూల్‌లో క్లోరిన్ లీటరుకి 1 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తీరానికి 12 మైళ్ళు దాటాక, ఓడ నడుస్తున్నప్పుడే సముద్రపు నీళ్ళని నేరుగా పూల్‌లోకి పారించాలి. రేవు దగ్గరికొస్తే అలా పారించకూడదు. వంటిల్లు, పూల్, తాగునీరు అన్నీ కలిపి వందకి మార్కులు వేస్తారు. 85 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తప్పినట్టు. మీ ఓడకి ఎన్నొచ్చాయో టికెట్ కొనకముందే సీడీసీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అమెరికా రేవులకి రాని ఓడలకి మాత్రం ఈ తనిఖీ ఉండదు.

సముద్రం కాస్త అల్లకల్లోలంగా ఉంటే పూల్‌లో కూడా అలలు లేస్తాయి. బిందె నెత్తిన పెట్టుకుని గబగబా నడిస్తే నీళ్ళు తొణికినట్టే, ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టుకుని గట్టు దాటి చిమ్ముతాయి. పిల్లలకి సరదాగానే ఉంటుంది గానీ, ఆ ఊపుకి పెద్దవాళ్ళే కాళ్ళు ఆనక గోడకి కొట్టుకుంటారు. మరీ ఎక్కువైతే నీళ్ళు దించేసి పైన వల కడతారు. వల కట్టిన పూల్ దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. డబ్బు కట్టాం గదా అని అక్కడి సిబ్బందితో వాదించకండి, వాళ్ళు చేసేది మన మంచికే.

ఇక బట్టలు. చీర, నైటీ, చుడీదార్, పంచె, లుంగీ, జీన్స్, మగవాళ్ళ లోదుస్తులు, వీటితో దిగనివ్వరు. నూలు బట్ట పోగులు వదిలి ఫిల్టర్లలో చేరతాయి. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది కూడా. అలాగని మన ఆడవాళ్ళు పొట్టి బట్టలే వేసుకోవాలేమో అని సిగ్గుపడి కుర్చీలో ఉండిపోనక్కర్లేదు. మెడ నుంచి మణికట్టు దాకా ఉండే రాష్ గార్డ్, చీలమండల దాకా వచ్చే స్విమ్ లెగ్గింగ్స్, మోకాళ్ళ దాకా ఉండే స్విమ్ డ్రెస్, ఇవన్నీ ఆన్‌లైన్‌లోనూ పెద్ద షాపుల్లోనూ దొరుకుతాయి. ఈత కోసం కుట్టిన బట్టయితే ఎంత నిండుగా ఉన్నా ఎవరూ ఏమీ అనరు. ఒళ్ళు ఎండకి కమలకుండా కూడా ఉంటుంది. మన అత్తయ్యగార్లు, పెద్దమ్మలు జీవితమంతా కాలవగట్టున కాపురం చేసి కూడా నీళ్ళలో తేలిన సుఖం ఎరగనివాళ్ళు. వాళ్ళకి నచ్చేలా నిండుగా ఉండే జత ఒకటి ముందే కొని ఉంచమని కోడళ్ళకీ కూతుళ్ళకీ గట్టిగా చెబుతున్నాను. ఓడ మీది దుకాణంలో కొంటే ధర ఎక్కువ, కొలతలు దొరకవు.

పొద్దున్నే తలకి కొబ్బరినూనె పెట్టుకునే అలవాటు మనందరిదీ. ఆ నూనె నీళ్ళ మీద తేలి ఫిల్టర్లకి అంటుకుంటుంది, క్లోరిన్‌ని తినేస్తుంది. పూల్ పక్కనే షవర్ ఉంటుంది, అక్కడ ఒళ్ళూ తలా కడుక్కునే దిగాలి. అది అక్కడి రూలు, పక్కవాళ్ళకి మనం ఇచ్చే మర్యాద కూడా. ఉంగరాలు కేబిన్‌లోని లాకర్లో పెట్టి రండి. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడి జారిపోతాయి. మంగళసూత్రం తియ్యనివాళ్ళు రాష్ గార్డ్ లోపలికి పెట్టుకుని పూల్‌లో దిగొచ్చు. వాటర్ స్లైడ్ల మీద మాత్రం మామూలుగా గొలుసులు, కళ్ళజోళ్ళు ఒప్పుకోరు. పట్టుకుని లాగితే మెడకే ప్రమాదం కాబట్టి స్లైడ్ జోలికి పోకండి. స్లైడ్లకి ఎత్తు నిబంధన కూడా ఉంటుంది, కొన్నిటికి 42 అంగుళాలు, కొన్నిటికి 48. పిల్లాడిని ముందే ఇంట్లో కొలిచి, ఎక్కనిస్తారో లేదో చెప్పి తీసుకెళ్తే అక్కడ ఏడుపు తప్పుతుంది.

డైపర్ వేసుకునే పసివాళ్ళని పెద్ద పూల్‌లోకి రానివ్వరు. స్విమ్ డైపర్ వేశామన్నా ఒప్పుకోరు. గోచీ పెట్టి దింపుదామన్నా కుదరదు. నీళ్ళ విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి క్లోరిన్ నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఒక్క పసివాడి వల్ల పూల్ మొత్తం మూసెయ్యాల్సి వస్తుంది. కొన్ని ఓడల్లో పసివాళ్ళకని విడిగా నీళ్ళు చిమ్మే చోటు కడతారు. మీ పాపాయి చిన్నదైతే అలాంటిది ఉన్న ఓడే చూసుకోండి.

ఇప్పుడు మూడో ప్రశ్నకి వస్తాను. పిల్లల్ని పూల్ దగ్గర వదిలి వెళ్ళొచ్చా అంటే, అయిదు నిమిషాలు కూడా వెళ్ళకూడదు.

మనం ఈత ఎలా నేర్చుకున్నామో గుర్తుచేసుకోండి. నడుముకి ఎండు కొబ్బరికాయలు జతకట్టో, అరటి బోదె చేతికిచ్చో, బాబాయో మేనమావో కాలువలోకి దింపేవారు. రేవులో బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు, గట్టు మీద సైకిలాపి చూసేవాళ్ళు. పిల్లాడు ఒక గుటక వేస్తే ఎవరి పిల్లాడని చూడకుండా నలుగురు దూకేవారు. అంతమంది ఉన్నా మన డెల్టా కాలువల్లో పిల్లలు పోతూనే ఉన్నారు, పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఓడ మీద ఆ రేవు కూడా లేదు. చుట్టూ వందల మంది ఉంటారు. ఎవరి సెలవు వాళ్ళది, ఎవరి పాట వాళ్ళది. మీ పిల్లాడు నీళ్ళలో ఆడుతున్నాడో మునుగుతున్నాడో వాళ్ళకి తెలియదు. డిస్నీ, రాయల్ కరీబియన్, నార్వీజియన్ ఓడల్లో ఫ్యామిలీ పూల్స్ దగ్గర మునిగేవాళ్ళని కాపాడే లైఫ్‌గార్డుల్ని పెడుతున్నారు. కార్నివాల్‌లాంటి చాలా కంపెనీల ఓడల్లో ఉండరు. "లైఫ్‌గార్డ్ లేరు, మీ బాధ్యత మీదే" అని బోర్డు మాత్రం ఉంటుంది. లైఫ్‌గార్డ్ ఉన్నచోట కూడా అంత గుంపులో మీ ఒక్కడి మీదే కన్ను వెయ్యలేరు.

మునిగేవాడు కేకలేస్తాడని, చేతులు ఊపుతాడని అనుకుంటాం. నోరు నీళ్ళ పైకి వచ్చిన ఆ కాస్త క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, అరవడానికి వ్యవధి ఎక్కడిది? నిట్టనిలువుగా, నిశ్శబ్దంగా, నిమిషం లోపలే కిందికి పోతాడు. పైగా చాలా పూల్స్‌లో మెట్లు దిగగానే ఒకటే లోతు, నాలుగున్నర నుంచి అయిదున్నర అడుగులు. మన రేవులోలాగా మోకాలి లోతు, నడుము లోతు అని మెల్లగా దిగే వీలుండదు. ఏడెనిమిదేళ్ళ పిల్లాడికి అది నిండా మునిగే నీరు.

చెయ్యాల్సింది ఇది. ఒక్కో పెద్దవాళ్ళు పావుగంట చొప్పున వంతు వేసుకోండి. వంతు మీదున్నవాళ్ళు ఫోన్ సంచిలో పెట్టి, పిల్లాడు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, నీళ్ళలోనే ఉండాలి. వంతు మారేటప్పుడు "ఇక నేను చూస్తున్నా" అని నోటితో చెప్పుకోవాలి. నలుగురూ చూస్తున్నారులే అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. గాలి ఊదే చేతి పట్టీలని, రింగుల్ని నమ్మకండి. అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ పిల్లాడి బరువుకి సరిపోయేది కొని పట్టుకెళ్ళండి. కొన్ని ఓడల్లో ఊరికే ఇస్తారు గానీ సరైన కొలత దొరుకుతుందని లేదు. జాకెట్ వేశామని పక్కకి పోకూడదు.

ఇంకో మాట. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఊరి నుంచి వచ్చిన మావయ్యగారినీ అత్తయ్యగారినీ పూల్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల్ని చూస్తూ ఉండమని చెప్పి కొడుకూ కోడలూ షోకి వెళ్ళడం చాలాసార్లు చూశాను. ఆ పెద్దవాళ్ళకి ఈత రాదు, అక్కడి భాషలో సాయం అడగలేరు, ఎండకి కళ్ళు సరిగా ఆనవు. వాళ్ళ మీద అంత భారం పెట్టడం అన్యాయం. ఏదైనా జరిగితే ఆ ముసలి ప్రాణాలు బతికున్నంత కాలం కుమిలిపోతాయి. మీరు షోకి వెళ్ళాలంటే పిల్లల్ని నీళ్ళలోంచి తీసి, ఓడలో పిల్లల కోసం నడిపే క్లబ్బులో అప్పగించి వెళ్ళండి. అలాగే బయటి దేశాల్లో పుట్టిన మన పిల్లలకి కాలువ లేదు కాబట్టి ఈత దానంతటదే రాదు. క్రూయిజ్ టికెట్ కొనే ముందే వైఎంసీఏలోనో ఊరి మునిసిపల్ పూల్‌లోనో చేర్పించండి.

పెద్దవాళ్ళు హాట్ టబ్ చూస్తే మోకాళ్ళ నొప్పులకి మంచిదని గంటల తరబడి కూర్చుంటారు. ఆ నీళ్ళు 40 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటాయి. బీపీ మందులు, గుండె జబ్బు మందులు వాడేవాళ్ళకి ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. డాక్టర్ని అడిగి, సరేనంటే పది నిమిషాలు చాలు. గర్భిణులు, చిన్నపిల్లలు అసలు దిగకూడదు.

కుర్చీల మీద తువ్వాలు వేసి పొద్దున్నే ఆపుకుని ఎటో వెళ్ళిపోతే అరగంటకో నలభై నిమిషాలకో సిబ్బంది తీసేస్తారు. ఓడవాళ్ళ తువ్వాళ్ళు లెక్కపెట్టి తిరిగి ఇవ్వండి, పోతే ఒక్కోదానికి పాతిక డాలర్ల దాకా బిల్లులో వేస్తారు. పెద్దవాళ్ళకి మాత్రమే అని రాసి ఉన్న పూల్‌లోకి పిల్లల్ని తీసుకెళ్ళకండి. అలాస్కా వైపు వెళ్తే చలి కాబట్టి పైకప్పు మూసే పూల్, వేడి నీళ్ళు ఉన్న ఓడ చూసుకోండి.

ఎక్కిన రోజున మీ పెద్ద సూట్‌కేసులు కేబిన్‌కి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఈత బట్టలు, మందులు, సన్‌స్క్రీన్, పిల్లల లైఫ్ జాకెట్ చేతి సంచిలోనే పెట్టుకోండి. మధ్యాహ్నం ఎక్కగానే జనమంతా బఫేకి పోతారు, పూల్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అమ్మనీ నాన్ననీ ఆ గంటలో తీసుకెళ్ళండి. గోడ మీద రాసిన లోతు అంకె చూసి, ముందు మీరు దిగి నేల ఎక్కడ ఆనుతుందో చూసుకుని, తర్వాత వాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపండి.