మీరడిగారు: ఫ్లైలు కట్టాలంటే షాపు సామానే కావాలా?

పోయిన సంచికలో ఫ్లై ఫిషింగ్ మీద రెండు ముక్కలు రాశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకటే గోల, సామాను ఖరీదు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట, ఫ్లై అంటే హుక్కుకి ఈక, దారం, ఉన్ని లాంటివి చుట్టి పురుగులా కనిపించేట్టు చేసే ఎర.

ప్రశ్న: మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. ఆఫీసులో ఒకాయన తీసుకెళ్తే ట్రౌట్ (చల్లటి ఏరుల్లో ఉండే చేప) ఫిషింగ్ అలవాటైంది, ఇప్పుడు ఫ్లైలు నేనే కట్టుకుందామని కూర్చున్నా. షాపులో అన్నీ చిటికెడు చిటికెడు ప్యాకెట్లు, ఒక్కోటి నాలుగైదు డాలర్లు, ఒక్క ఫ్లైకి ఆరు రకాలు కావాలట. మా ఆవిడ బిల్లు చూసి ఈ డబ్బుతో చేపలే కొనుక్కోవచ్చు కదా అంటోంది. ఇంట్లో ఉన్నవాటితో, లేదంటే డాలర్ స్టోర్ వాటితో లాగించే దారి ఉందా?

జవాబు: మీ ఆవిడ లెక్క కరెక్టేనండి, అక్కడ వాదన పెట్టుకోకండి. ఖర్చు తగ్గే దారి ఉంది గానీ చాలామంది దాన్ని తిరగేసి పట్టుకుంటారు. యూట్యూబ్‌లో ఒక ఫ్లై చూస్తారు, దాని సామాన్ల లిస్టు రాసుకుంటారు, ఒక్కోదానికీ ఇంట్లో బదులేముందా అని వెతుకుతారు, నాలుగు దొరుకుతాయి, మిగిలిన రెండిటి కోసం షాపుకెళ్లి నలభై డాలర్లు వదిలించుకుని వస్తారు. అలా కాకుండా ముందు ఇంట్లో ఏముందో చూసి, దాంతో ఏ ఫ్లై అవుతుందో అది కట్టండి. ఫ్రిజ్‌లో వంకాయలుంటే వంకాయ కూరే కదా వండుకుంటాం.

ఇదేదో పిసినారి సలహా అనుకోకండి, పెద్ద పెద్దవాళ్లు చేసిందే ఇది. ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ దగ్గర ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ అనే ఆయన ఉండేవాడు. ఆయన ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీళ్లలో ఉండే పిల్లపురుగులా కనిపించే ఫ్లై) ఇవాళ్టికీ ప్రపంచమంతా కడతారు, అందులో ఉన్నవి రెండే రెండు, ఫెజెంట్ అనే కోడిజాతి పక్షి పుంజు తోక ఈక పోగులు, సన్నటి రాగి తీగ. దారం కూడా లేదు, తీగే దారం, తీగే బరువు. ఆయనదే ఇంకో ఫ్లై కిల్లర్ బగ్, దానికి వాడింది చాడ్విక్స్ 477 అని మేజోళ్లకి చిరుగులు కుట్టుకునే ఉన్ని. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు, తడిస్తే లోపల్నుంచి గులాబీ ఛాయ వస్తుంది, చేపకి అదే నచ్చుతుందని పేరు. తర్వాత కంపెనీవాళ్లు ఆ ఉన్ని తయారీ ఆపేశారు, ఇప్పుడు ఎక్కడో మిగిలిన పాత కార్డు ఒకటి కనపడితే జనం పోటీపడి కొంటున్నారు. చిల్లరకొట్టు సామాను చివరికి అలా తయారైంది, చూడండి మరి!

కాబట్టి మీరు కూడా కిల్లర్ బగ్‌తోనే మొదలెట్టండి. పాత చార్జర్ కేబుల్ కోస్తే లోపల రాగి పోగులుంటాయి గానీ అవి మరీ వెంట్రుకల్లా ఉండి లాగితే పుటుక్కుమంటాయి, పాడైన చిన్న మోటారో ట్రాన్స్‌ఫార్మరో ఉంటే దాని చుట్ట తీగ ఎంతో నయం, పైన వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి నల్లబడదు కూడా. హుక్కు మీద తీగ రెండు వరుసలు చుట్టండి, మధ్యలో కొంచెం లావుగా. తర్వాత లేత గోధుమరంగుదో బూడిదరంగుదో ఉన్ని పోగు తీసుకుని ముందుకీ వెనక్కీ చుట్టుకుంటూ పోయి రెండు కొసలూ సన్నగా, నడుము లావుగా వచ్చేట్టు చేసి మళ్లీ తీగతోనే బిగించి తెంపేయండి. అంతే, అయిపోయింది. ఉన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక పోగు తడిపి చూడండి, చేప చూసేది తడి రంగే కదా, పొడి రంగు చూసి మురిసిపోతే లాభం లేదు. ట్రౌట్ తినే తిండిలో ఎక్కువ భాగం నీళ్ల అడుగున పాకే పురుగులే కాబట్టి ఇలాంటి మునిగే ఫ్లైలే మీకు ముందు పనికొస్తాయి.

డాలర్ స్టోర్ సంగతికొస్తే, రెండు మిల్లీమీటర్ల క్రాఫ్ట్ ఫోమ్ షీటు ఒక్కటి నల్లది తెచ్చుకుంటే నీళ్లమీద తేలే బీటిల్స్ మీకు జన్మకి సరిపడా అవుతాయి. పార్టీ సామాన్లలో మెడకి వేసుకునే ఈకల దండ ఉంటుంది చూడండి, ఆ మెత్తటి నూగు ఈకలు సాధారణంగా టర్కీ కోడివే, షాపులో మారబూ అని చిన్న ప్యాకెట్‌లో అమ్మేదీ అదే, ఊలీ బగ్గర్ అనే ఫ్లై తోకకి దివ్యంగా ఉంటుంది. సింథటిక్ పెయింట్ బ్రష్ కుచ్చులో పోగులు కొసకి సన్నబడి ఉంటే అవి మేఫ్లై అనే నీటిపురుగు తోకలు. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొరని సన్నటి పేలికలుగా కోస్తే మెరుపు. జిప్‌లాక్ కవరు పేలిక పురుగు వీపు మీద నిగనిగకి. ఇక మైక్రోఫైబర్ మాప్ ఉంది కదా, నేల తుడిచేది, బొటనవేలు కణుపంత వేళ్లు వేలాడుతుంటాయి, ఒక్కోటి కోసి హుక్కుకి కట్టేస్తే దాన్నే మాప్ ఫ్లై అంటారు, నార్త్ కరోలైనా వైపు పుట్టింది, అచ్చం లావుపాటి పురుగులా ఉంటుంది. దీన్ని చూస్తే సంప్రదాయవాదులకి ఒళ్లు మంట, ఇదీ ఒక ఫ్లైయేనా అని. చేపలకి ఆ పట్టింపు లేదు.

పనిముట్లకి కూడా ఆర్డర్లు పెట్టకండి. లాకింగ్ ప్లయర్స్ బల్లకి బిగిస్తే హుక్కుని పట్టుకునే వైస్. ఖాళీ బాల్‌పెన్ గొట్టం, చివర్లో వేసే ముడిని హుక్కు మీదకి తోయడానికి. బిరడాకి గుచ్చిన సూది మిగతా అన్నిటికీ. ఉన్ని రంగులు కలపడానికి కాఫీ గ్రైండర్ వాడమని చెప్తారు, మన ఇళ్లలో అది మిక్సీ చిన్న జార్ అవుతుంది, ఆ పని మాత్రం చేయకండి, మీ ఆవిడ ఇప్పటికే కోపంగా ఉన్నారు. కత్తిరించిన ఉన్ని ముక్కలు మూత ఉన్న సీసాలో నీళ్లూ చుక్క సబ్బూ వేసి బాగా గిలకొట్టి పిండి ఆరబెడితే చక్కగా కలిసిపోతాయి. డ్రయ్యర్‌లో పేరుకునే దూది వాడమని చెప్పేవాళ్లూ ఉన్నారు, నాకైతే నచ్చదు, పోగులు మరీ పొట్టివి, దారం మీద నిలవవు.

హుక్కుల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. చవకరకం హుక్కు చేప లాగిన లాగుడికి సాగి తిన్నగా అయిపోతుంది, అప్పుడు మీరు మిగుల్చుకున్న పావలా ఏం చేసుకుంటారు? అలాగే నీళ్లమీద నిటారుగా నిలబడే డ్రై ఫ్లైకి బిరుసు మెడ ఈకలు కావాలి, వాటికి ఇంట్లో బదులు దొరకడం కష్టం. అందుకే ముందు మునిగేవి, ఫోమువి కట్టుకోమంటున్నా.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మ న్యూజెర్సీ వస్తోంది. ఊళ్లో ఇంట్లో నెమలి ఈకల కట్ట ఉంది, రాగి తీగ కోసం చార్జర్ కేబుల్ కోసేసిన మావారు అవి ఫ్లైలకి పనికొస్తాయంటున్నారు, తెమ్మని చెప్పనా? మా అబ్బాయి కూడా పార్కులో రాలిన ఈకలన్నీ ఏరుకొస్తున్నాడు, అవి వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా, అమ్మగారిని ఇబ్బంది పెట్టకండి. ఇండియా నుంచి నెమలి ఈకలు బయటికి తీసుకెళ్లడం నిషేధం, రాలిన ఈకలైనా సరే. అక్కడ ఎయిర్‌పోర్టులో ఆపితే పెద్దావిడ ఏం సమాధానం చెప్తారు? అమెరికాలోనే పెంపకం నెమళ్లవి క్రాఫ్ట్ షాపుల్లో దొరుకుతాయి, ఒక్క ఈక కొంటే దాని పోగులతో బోలెడు ఫ్లైలవుతాయి.

ఇక బాబు ఏరుకొచ్చేవాటి సంగతి. అమెరికాలో 1918 నుంచి వలస పక్షుల ఒప్పంద చట్టం అని ఒకటుంది, దాని ప్రకారం అడవి పక్షుల్లో చాలావాటి ఈక నేలమీద దొరికినా దగ్గర పెట్టుకోకూడదు. కాకి, రాబిన్, బ్లూ జే, కెనడా బాతు, అన్నీ అందులోకే వస్తాయి. పావురం, ఊరపిచ్చుక, స్టార్లింగ్ బయటినుంచి వచ్చిన జాతులు కాబట్టి వాటికి ఆ చట్టం వర్తించదు. ఫెజెంట్, టర్కీ కూడా ఆ చట్టంలో లేవు. పద్ధతి ప్రకారం లైసెన్సుతో వేటాడిన బాతుల ఈకల్ని ఫ్లైలకి వాడుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది, కాబట్టి మీవారి స్నేహితుల్లో వేటకెళ్లేవాళ్లుంటే అడగమనండి, సంచులకొద్దీ ఇస్తారు. ఎవరిచ్చినా సరే సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, కవర్లో మూసి కొన్నాళ్లు ఫ్రీజర్లో పెట్టాకే మిగతావాటితో కలపండి, లేకపోతే ఒక్క ఈకలో ఉన్న పురుగు డబ్బా మొత్తం తినేస్తుంది.

ఈకల పిచ్చి ఎందాకా పోతుందో చెప్పమంటారా, 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలోంచి ఒక కుర్రాడు 299 పక్షి చర్మాలు ఎత్తుకుపోయాడు, పాతకాలం సాల్మన్ ఫ్లైల ఈకల కోసం. మావారు చార్జర్ కేబుల్ కోసేశారు అని మీరు రాశారు గానీ, ఆ లెక్కన ఆయన బుద్ధిమంతుడే.

ప్రశ్న: మాది భీమవరం. వచ్చే వేసవిలో హిమాచల్ తీర్థన్ లోయకి ట్రౌట్ కోసం వెళ్దామని ప్లాన్. ఇక్కడ ఫ్లై షాపు అనేదే లేదు, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే రేట్లు గూబ గుయ్యిమంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: భీమవరంలో ఉండి ఈకలకి కరువా! విదేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్లు చవకగా వస్తాయని ఇండియన్ కేప్ అని కొనుక్కునేవి మన దేశం కోడిపుంజుల మెడ ఈకలే. పందెం కోళ్ల రంగుల పేర్లలో చెప్పాలంటే, ఎర్ర డేగ మెడ ఈక వాళ్ల బ్రౌన్, నల్లటి కాకి పుంజుది బ్లాక్, తెల్లటి సేతుది వైట్. నాటుకోళ్ల షాపుకెళ్లి వేడినీళ్లలో ముంచకముందే మెడ ఈకలు పొడిగా పీకి ఇమ్మని అడగండి, వాడు మిమ్మల్ని కాస్త విచిత్రంగా చూస్తాడు, పర్లేదు, కాల్చాక వెళ్తే మాత్రం ఏమీ మిగలదు. వయసొచ్చిన పుంజు అయితే పోగు బిరుసుగా ఉంటుంది. బ్రాయిలర్ ఈక మెత్తన, నీళ్లలో మునిగేవాటికి వాడుకోండి.

రాగి తీగకి మోటార్ వైండింగ్ షాపు, 38 గేజ్ అడిగితే సుమారు 0.15 మిల్లీమీటర్లు, మీకు కావాల్సింది అదే. తేలేవాటికి ఈవీఏ (తేలికపాటి ఫోము) చెప్పుల అడుగుని బ్లేడుతో పల్చగా కోసుకోండి. చిన్న నల్లపూసలు పురుగు తలకి బావుంటాయి, కానీ హుక్కు ముల్లుని ప్లయర్స్‌తో నొక్కేస్తేనే పూస వంపు దాటి ఎక్కుతుంది.

అన్నిటికన్నా మంచిది జరీ. ఒక్క జరీ పోగు తీసి గోటితో గీరి చూడండి, లోపల పసుపో ఎరుపో దారం, దానిచుట్టూ సన్నటి రేకు మెలికలు మెలికలుగా చుట్టి ఉంటుంది. విదేశీ షాపులో ఓవల్ టిన్సెల్ అని అమ్మేది ఇలాంటిదే, పురుగు ఒంటిమీద గాట్లలా కనపడటానికి వరసగా చుడతారు. అయితే ఇంట్లో పాత పట్టుచీర కనపడింది కదా అని కత్తెర పెట్టకండి, అసలు జరీ అయితే అందులో వెండి ఉంటుంది, పాత చీరలు కొనేవాడు దానికి డబ్బులిస్తాడు. లేసులు అమ్మే కొట్లో ప్లాస్టిక్ జరీ రీలు అడగండి, చవక, పైగా నల్లబడదు.

వెళ్లేముందు హిమాచల్ మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట బంద్, మీరు వేసవి అంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్న: కుట్టుమిషన్ దారంతో కడుతున్నా, రెండు చేపలకే ఊడిపోతోంది. ఎందుకు?

జవాబు: దారం లావు, అందుకని తల దగ్గర ముడి గుట్టలా లేచి జారిపోతోంది. ఎనిమిది, పది నంబరు పెద్ద హుక్కులకైతే మిషన్ దారం నడుస్తుంది, పద్నాలుగు దాటి హుక్కు చిన్నదయ్యేకొద్దీ సన్న పాలిస్టర్ దారం కావాలి. కట్టేముందు దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగండి, పట్టు వస్తుంది. చివర్లో మూడు నాలుగు ముడులు వేసి, రంగులేని నెయిల్ పాలిష్ సూదితో ఒక చుక్క పెట్టి ఆరనిచ్చి ఇంకో చుక్క పెట్టండి. హుక్కు కంటి రంధ్రం పూడిపోకుండా తడిగా ఉన్నప్పుడే ఒక ఈక కాడ అందులోంచి దూర్చి తీసేయండి.