లేవీయకాండం చెప్పబోతున్న మా చిన్నోడికి

ఒరేయ్ చిన్నోడా, వందనాలు. యూత్ మీటింగ్‌లో నాలుగు వారాలు బైబిల్ లేవీయకాండంలోని బలుల గురించి నువ్వే చెప్పాలంట గదా, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, నువ్వు భయపడుతున్నావని కూడా చెప్పింది. భయం మంచిదేలే. సండే స్కూల్ చెప్పీ చెప్పీ నేను చేసిన తప్పులు నువ్వు చెయ్యకూడదని రాస్తున్నా.

అందరం చేసే మొదటి తప్పు ఏందంటే, ఒకటో అధ్యాయం తెరిచి రెండో మాటకే "ఇది యేసుప్రభువుకి ఛాయ", అంటే ముందుగుర్తు, అని చెప్పి ఆయన్ని సిలువేసిన కల్వరికి పరిగెత్తడం. పిల్లలు ఛాయ అన్న మాట వినగానే ఫోన్ తీస్తారు. ముందు వాళ్లని ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర నిలబెట్టు. ఒకాయన తన మందలోంచి ఏ దోషం లేని పోతుని, అంటే సంతలో మంచి రేటు పలికేదాన్ని తోలుకొచ్చాడు, కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ తెచ్చేవాళ్లని మలాకీ ప్రవక్త ఎట్లా కడిగేశాడో చూడు, అట్లాంటిది మీ అధికారికి ఇచ్చి చూడండి తీసుకుంటాడేమో అన్నాడు. ఆ పోతుని తెచ్చినాయన దాని తల మీద చెయ్యి పెడతాడు, తర్వాత దాన్ని వధించేది ఎవరనుకున్నావ్? యాజకుడు అనుకుంటాం మనమంతా. 1:5 (ఒకటో అధ్యాయం అయిదో వచనం) మళ్లీ చదువు, తెచ్చినాయనే వధించాలి, యాజకుడి పని ఆ రక్తం బలిపీఠం దగ్గర ప్రోక్షించడం (పక్షులైతే మాత్రం యాజకుడే చేస్తాడు). తన చేతికింద అది గిలగిల్లాడుతుంటే ఆయనకి ఎట్లా ఉంటదో అది వాళ్లకి తెలిశాక కల్వరి గురించి చెప్పు, అప్పుడు వింటారు.

దహనబలి, నైవేద్యం (పిండి అర్పణ), సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి అని బోర్డు మీద టేబుల్ గీసి ఒక్క వారంలో అయిదూ ముగించమాక. ప్రతిదానికీ ఒక మర్మం లాగాలని కూడా చూడమాక. నేను ఒకసారి నైవేద్యంలో తేనె ఎందుకు వద్దన్నాడో అరగంట చెప్పా, అంతా నా ఊహే, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ "మరి ఉప్పు ఎందుకు కావాలన్నాడు బాబూ" అంది. నాకు తెలీలా. ఆమే చెప్పింది, నిబంధన ఉప్పు, అంటే దేవుడితో ఒప్పందపు ఉప్పు, అని వచనంలోనే ఉంది కదా అని.

నాకు బాగా ఇష్టమైన చోటు 5వ అధ్యాయం. గొర్రెపిల్ల తెచ్చుకోలేనోడు రెండు గువ్వలు తేవచ్చు, అవి కూడా లేనోడు కాస్త గోధుమపిండి తేవచ్చు, నూనె లేదు సాంబ్రాణి లేదు, ఉట్టి పిండి, దానికే క్షమాపణ. రక్తం చిందకుండా క్షమాపణ లేదని మనం గట్టిగా అరుస్తాం గానీ హెబ్రీ పత్రిక 9:22లో "సామాన్యముగా" అనే మాట ఉంది, అది ఈ పిండోడి కోసమేనేమో అనిపిస్తది నాకు. యేసు పుట్టాక మరియమ్మ శుద్ధి కోసం యెరూషలేముకి వచ్చినప్పుడు లూకా రాసింది కూడా గువ్వల సంగతే, గొర్రెపిల్ల కాదు. మీ యూత్‌లో కూలికెళ్లేవాళ్ల పిల్లలున్నారు, ఇది తప్పకుండా చెప్పు.

ఇంకోటి, ఆ పాపపరిహారార్థబలి ఎక్కువగా పొరబాటున చేసినవాటికి. కావాలని తలెగరేసి చేసినోడికి సంఖ్యాకాండం 15లో బలి లేదు, అందుకే కావాలనే పాపం చేసిన దావీదు 51వ కీర్తనలో నువ్వు బలి కోరేవాడివి కాదని ఏడ్చాడు. ఆ వ్యవస్థే తన హద్దు ఒప్పుకుంటుంది చూడు. ఇక్కడ హెబ్రీ 10 తెరువు, తర్వాత 13:12, యేసు గవిని వెలుపట (ఊరి ద్వారం బయట) శ్రమపడ్డాడన్నది, ఏటా జనమందరి పాపాల కోసం బలులిచ్చే ప్రాయశ్చిత్త దినాన పాళెం బయట కాల్చినవాటితో కలిపి చదివించు.

యూదుల్ని మాత్రం ఎగతాళి చెయ్యొద్దు. క్రీ.శ. 70వ సంవత్సరంలో రోమా వాళ్లు దేవాలయం కూల్చాక వాళ్లకి బలులు ఆగిపోయాయి, ప్రార్థనే ఆ చోట నిలిచింది, ఈ అధ్యాయాలు వాళ్లు ఇంకా ప్రేమగానే చదువుతారు.

ఇక అపరాధబలి. పక్కోడిది మోసం చేసి తీసుకున్నోడు పొట్టేలు తెస్తే చాలదు, తీసుకున్నది పూర్తిగా ఇచ్చి, దాని మీద అయిదో వంతు కలిపి, ఆ రోజే సొంతదారుడి చేతిలో పెట్టాలి. ఇది చెప్పే ముందు నీ లెక్కలు చూసుకో. ఈ సంగతి మీ నాన్న నీకు చెప్పుండడు. మా పొలం అమ్మినప్పుడు మీ నాన్న వాటాలో పదివేలు నేను దాచుకున్నా, రిజిస్ట్రేషన్ ఖర్చులని చెప్పి. రెండేళ్ల తర్వాత ఆదివారం ఈ 6వ అధ్యాయం నేనే చెప్పా, బాగా చెప్పా అని అందరూ షేక్‌హ్యాండ్ ఇచ్చారు, ఆ రాత్రి నిద్ర పట్టలా. పొద్దున్నే పన్నెండు వేలు తీసుకుని మీ ఇంటికొచ్చా. మీ నాన్న పదివేలు లోపల పెట్టాడు, రెండువేలు వద్దన్నాడు, నేను వెనక్కి తీసుకోనన్నా, మీ అమ్మ మధ్యలో కాఫీ పట్టుకుని నిలబడిపోయింది. చివరికి ఆ డబ్బుతో మేకపోతుని తెచ్చి రెండిళ్లవాళ్లం తిన్నాం. కృతజ్ఞత కోసం అర్పించే సమాధానబలి మాంసం తెల్లారేదాకా ఉంచకూడదని 7:15లో ఉంది, అంత మాంసం ఒక్కడే తినలేడు, పదిమందిని పిలవాల్సిందే. అది నాకు ఆ రోజు అర్థమయింది.

మొదటి వారం నోట్స్ రాశాక వాట్సాప్‌లో పంపు. కళ్లజోడు మార్చా, చదవగలను.

మీ పెదనాన్న