వృద్ధాశ్రమానికి వెళ్లేముందు ఒకసారి కోవిడ్ నెగెటివ్ వస్తే సరిపోదా?

సరిపోదు, ఎందుకంటే నెగెటివ్ అంటే పరీక్ష చేసిన ఆ పూటకు ముక్కులో కిట్‌కు దొరికేంత వైరస్ లేదని మాత్రమే. వైరస్ ఒంట్లో చేరాక పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది. నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ వైరస్ బాగా పెరిగాకే పట్టుకుంటుంది, తొలి రోజుల్లో తప్పిపోవడం మామూలే. అందుకే నెగెటివ్ వచ్చినా 48 గంటల తర్వాత మళ్లీ చేయమంటారు. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష తక్కువ వైరస్‌నూ పసిగడుతుంది గానీ ఫలితం ఆలస్యంగా వస్తుంది.

తిరుపతిలోని ఒక ఆశ్రమంలో ఉన్న అవ్వను చూడటానికి చిత్తూరు నుంచి మనవడు వస్తున్నాడనుకోండి. శుక్రవారం పెళ్లిలో వైరస్ అంటుకుంది. శనివారం పరీక్షలో నెగెటివ్. సోమవారం అవ్వ పక్కన కూర్చునేసరికి అతని ఊపిరిలో వైరస్ ఉండొచ్చు, దగ్గు మాత్రం ఇంకా మొదలుకాకపోవచ్చు. అతను కలిసేది ఒక్క అవ్వనే. అదే ఆయా అయితే స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అంటూ రోజూ ఎందరినో తాకాలి. వైరస్ వ్యాప్తిలో ఉన్నప్పుడు సిబ్బందికి పదేపదే పరీక్షలు చేసేది ఇందుకే, వాళ్ల మీద అనుమానంతో కాదు.

చాలామంది పొరపడేది ఇక్కడే: "జ్వరం లేదు, దగ్గు లేదు, నాకెందుకు పరీక్ష?" అంటారు. కోవిడ్ లక్షణాలు కనిపించకముందే ఇతరులకు అంటుకోగలదు. కాబట్టి నెగెటివ్ వచ్చినా లోపల మాస్కు తీయకూడదు, చేతులు కడుక్కోవాలి, గది కిటికీలు తెరిచి ఉంచాలి.